ఆస్పత్రి డాబా మీద డ్రాయింగ్ హాలు

ఆ రోజు పొద్దున మావయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కంప్యూటర్లో ఒక్క గోడ గీయాలి. అంతే. గోడ నిలబడితే కాఫీ తాగాలి. నిలబడకపోతే ఎవరికీ చెప్పకుండా కాఫీ తాగాలి.

ఆయన్ని నిజానికి మావయ్య అని పిలవాల్సింది ఒక్కరే, బావమరిది కూతురు. ఆ అమ్మాయి చదువు ముగించుకుని, తండ్రి నడిపే బిల్డింగ్ డిజైన్ ఆఫీసులోనే ఉద్యోగంలో చేరి, రోజంతా “మావయ్యా, మావయ్యా” అంటూ తిరగడంతో ఆయన అందరికీ మావయ్య అయిపోయాడు. దాదాపు ఆయన ఈడుదే అయిన స్ట్రక్చరల్ ఇంజనీరు కూడా “మావయ్యగారూ” అనే పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపు మాత్రం ఆయనకి కొంచెం గుచ్చుకుంటుంది.

మావయ్య ఆ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. పెన్ను పట్టిన రోజుల్లో ఆయన గీత గీస్తుంటే పక్కవాళ్ళు పని ఆపి చూసేవారు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క ఊపిరిలో లాగేసేవాడు, ఎక్కడా లావెక్కేది కాదు, సన్నగిల్లేది కాదు. ప్లాను మూలన ఆయన రాసిన అక్షరాలు చూసి అచ్చు కొట్టించారనుకునేవారు. అటువంటి చెయ్యి ఇప్పుడు మౌసు పట్టుకుంటే వణుకుతుంది. అందులోనూ కుర్రవాళ్ళెవరైనా కుర్చీ వెనక నిలబడి “అది కాదు మావయ్యా, దాని పక్కది” అన్నారంటే ఇక ఉన్న గీత కూడా చెరిగిపోతుంది. అందుకే ఈ పొద్దుటి ప్రయాణం.

నేర్చుకోవాలన్న పట్టుదల కూడా ఆయనది తన కోసం కాదు, మేనకోడలి కోసం. ఇదివరకు ఒక బిల్డింగుకి గదుల ప్లాన్లు వేరు, స్తంభాలూ స్లాబుల బొమ్మలు వేరు, కరెంటు బొమ్మలు వేరు. ఎవరి కాగితం వాళ్ళది. అవన్నీ తీసేసి, బిల్డింగు మొత్తాన్ని కంప్యూటర్లో ఒకే ఒక్క మోడల్‌గా కట్టాలనీ, అందరూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని ఆ ఒక్కదాని మీదే పని చేయాలనీ ఆ అమ్మాయి తండ్రితో నెలల తరబడి పోట్లాడింది. బావమరిది చివరికి ఒప్పుకున్నాడు గానీ, ఒప్పుకున్న తీరు శాపం పెట్టినట్టుంది.

“ఈ కంటి ఆస్పత్రి పని ఒక్కటి దీంతో చెయ్యి. సాఫీగా జరిగితే సరే. తేడా వచ్చిందా, మళ్ళీ పాత పద్ధతే. నువ్వు కూడా ఇంకో చోట ఉద్యోగం చూసుకో.”

ఆ మాట తర్వాత తండ్రీ కూతుళ్ళు ఆఫీసులో పని మాటలు తప్ప మాట్లాడుకోవడం మానేశారు. పని మాటలు కూడా తగ్గించేశారు. అది చూడలేక మావయ్య ఒకరోజు మేనకోడలి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, “నాకూ నేర్పమ్మా, ఈ ముసలాడే గీస్తున్నాడంటే మీ నాన్న నోరు మూతపడుతుంది” అన్నాడు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆస్పత్రి మోడల్‌కి ఒక నకలు తయారుచేసి ఆయన కంప్యూటర్లో పెట్టింది.

“దీన్ని ఏం చేసినా పర్లేదు మావయ్యా. గోడలు కట్టుకోండి, పడగొట్టుకోండి, నిప్పు పెట్టుకోండి. ఇది ఉత్తుత్తిది.”

మావయ్య తాళం తీసి, లైటు వేసి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. తెర మీద పక్కపక్కనే రెండు బొమ్మలు. రెండిటిదీ ఒకే రంగు, ఒకే ఆకారం. ఒకదాని కింద ‘కంటి ఆస్పత్రి...’ అని ఉంది. రెండోదాని కింద కూడా ‘కంటి ఆస్పత్రి...’ అనే ఉంది. ఆ చుక్కల వెనక ఒకదానికి ‘అసలు’ అనీ, ఇంకోదానికి ‘ప్రాక్టీసు’ అనీ మేనకోడలు శ్రద్ధగానే పేర్లు పెట్టింది. కంప్యూటరే పేరు పొడుగైందని తోక కోసేసింది. మావయ్య కాసేపు రెండిటినీ మార్చి మార్చి చూసి, కుడివైపుది చేతికి దగ్గరగా ఉంది కదాని అది నొక్కాడు.

ఆస్పత్రి మొత్తం బొమ్మరిల్లులా విచ్చుకుంది. ఉత్తుత్తిదే అయినా రోగుల మధ్యకి వెళ్ళి గోడ కట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. ఎవరికీ అడ్డం లేని చోటు వెతుక్కుంటూ డాబా మీదికి వెళ్ళాడు. అక్కడ నొక్కాడు, ఇక్కడ నొక్కాడు. గోడ లేచింది. నిలబడింది కూడా.

అనుకున్న ప్రకారం ఇప్పుడు ఆయన లేచి కాఫీకి వెళ్ళాలి. కానీ చెయ్యి ఊరుకోలేదు. ఒక్క గోడ పాపం ఒంటరిగా ఉందని ఇంకోటి కట్టాడు. మూడోది కట్టేసరికి చెయ్యి వణకడం మానేసింది. నాలుగోది కలిసి గది అయ్యాక ఏం గది చేద్దామా అని ఆలోచించాడు. గది అంటే ఆయనకి గుర్తొచ్చేది ఒక్కటే.

అది ఆయన మొదటి ఉద్యోగం చేసిన డ్రాయింగ్ హాలు. పొడవాటి గది. ఉత్తరం వైపు గోడంతా నిలువెత్తు కిటికీలే, వాటి పైన వాలుగా అద్దాల కప్పు. రెండు వరసల్లో ఏటవాలు బల్లలు, ఎత్తు స్టూళ్ళు. పొద్దున అందరూ వచ్చి కూర్చోగానే హాలంతా సిరా సరిగ్గా దిగడానికి పెన్నులు విదిలించే టకటకలు. ఆ పైన ఇక మాటలుండవు. ట్రేసింగ్ కాగితం మీద చెమట బొట్టు పడితే గీసిందంతా అలుక్కుపోతుంది కాబట్టి ఎండాకాలం మణికట్టు కింద రుమాలు మడిచి పెట్టుకునేవారు. తప్పు గీతని బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటుని గోటితో రుద్ది నున్న చేసి, మళ్ళీ గీసేవారు. పక్క గదిలో ప్రింట్లు తీస్తుంటే అమోనియా ఘాటుకి ముక్కులు అదిరిపోయేవి. కొత్తగా చేరినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే పాతవాళ్ళు “ఇంటిమీద బెంగా?” అని ఏడిపించేవారు. ఆ ఎదుటి వరసలో కూర్చుని ట్రేసింగ్ చేసే అమ్మాయి దగ్గర మావయ్య తన దగ్గర లేనట్టు రోజూ బ్లేడు అరువడిగేవాడు. ఆ అమ్మాయే ఇప్పుడు ఇంట్లో ఉన్న అత్తయ్య.

ఆ హాలు ఎప్పుడో పడగొట్టేశారు. అక్కడిప్పుడు కార్లు నిలుపుతున్నారు.

మావయ్య కిటికీలు పెట్టాడు. ఎత్తు చాల్లేదనిపించి పెంచాడు. వాలు కప్పు వేశాడు. బల్లలు ఒక్కొక్కటే తెచ్చి వరసలు కట్టాడు. మూలన పెన్నులు కడుక్కునే బేసిన్ అమర్చాడు. కిటికీ పక్కన ఒక బల్లని కాస్త ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పి, సరిగ్గా గుర్తున్నంత కోణంలో ఆపాడు. ఆ కుర్చీలో ఆయనకి ఎన్నేళ్ళ తర్వాతో పని చేస్తున్నట్టనిపించింది.

బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. మావయ్య గబగబా మూసేయబోతే కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. మార్పులు అందరితో పంచుకోవాలా, వద్దా? ఇంత మర్యాదగా అడిగినదానికి వద్దనడం ఆయన నోట రాదు. పంచుకోమన్నాడు.

ఆ తర్వాత ఆయన టేపూ టోపీ తీసుకుని, మరమ్మతు చేయాల్సిన ఒక పాత బడి కొలతలకని పొరుగూరు వెళ్ళిపోయాడు. ఆ వారం చివర్లో ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ వచ్చి మోడల్ చూస్తుంది. ఆ వేళకి వచ్చేస్తానని చెప్పాడు.

డాబా మీద హాలుని మొదట చూసింది బీము మేడం. స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఆఫీసులో ఉన్న పేరది. ఎక్కడ ఖాళీ కనిపించినా ఆవిడ ఒక బీము వేస్తుంది. ఆవిడ మోడల్ తెరిచేసరికి అంత పెద్ద హాలు, అంత అద్దాల కప్పు, కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడి ఉన్నాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

“చూశారా! క్లయింటుతో ఒప్పేసుకుంటారు. నాతో చెప్పరు. గాలికి నిలబడుతుందనుకుంటారు కాబోలు” అంది పక్క కుర్చీలో ఉన్న ఎలక్ట్రికల్ ఇంజనీరుతో.

“సరే” అన్నాడాయన. ఆయన ఏ మాటకైనా అదే అంటాడు. అందుకే ఆయన పేరు సరేగారు.

వెళ్ళి అడిగితే తనకి తెలియనట్టు ఒప్పుకోవాలి గనక బీము మేడం అడగలేదు. హాలు కింద బీములు వేసింది. బీముల కింద స్తంభాలు కావాలి. స్తంభాలు కింది అంతస్తులోంచి దిగాలి. దిగిన చోట పెద్ద డాక్టరమ్మ సొంత గది ఉంది. రెండు స్తంభాలు ఆ గది మధ్యలోంచి, బల్లకి అటొకటి ఇటొకటి ద్వారపాలకుల్లా దిగాయి.

సరేగారికి హాల్లో ఒక్క లైటు కూడా లేదని కనబడింది. లైట్లు ఇచ్చాడు, ఫ్యాన్లు ఇచ్చాడు. ఏటవాలు బల్లలు ఎందుకో అర్థం కాలేదు. కంటి ఆస్పత్రి కదా, రోగిని వాటి మీద పడుకోబెట్టి పరీక్ష చేస్తారేమో అనుకున్నాడు. పడుకున్న మనిషి జారిపోడా అన్న అనుమానం కూడా వచ్చింది. అది సివిల్ వాళ్ళ గొడవ, నాకెందుకనుకుని ఒక్కో బల్లకి ఒక్కో దీపం బిగించాడు.

బావమరిది సాయంత్రం మోడల్ తెరిచాడు. స్తంభాలూ బీములూ దీపాలతో నిండుగా ఉన్న హాలుని చూసి, మూలనున్న బేసిన్‌ని రెండుసార్లు దగ్గరగా చూశాడు. తన కూతురే డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి ఈ హాలు ఒప్పుకుని ఉంటుందని తేల్చుకున్నాడు. ‘నన్నొక మాట అడిగితే ఏం పోయింది?’ అనుకున్నాడు. వెళ్ళి అడిగితే ఆ అమ్మాయితో తనే ముందు మాట్లాడినట్టవుతుంది. అడగలేదు.

మేనకోడలు మర్నాడు చూసింది. అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒకే మోడల్లో కలిసి కట్టిన మొదటి గది అది. ఇంత పెద్ద పని నాన్న ప్రమేయం లేకుండా జరగదు. అంటే నాన్న మారాడు, నోటితో చెప్పలేక గది కట్టి చెప్పాడు. ఆ పిల్ల ఆనందంగా కుర్చీ ముందుకి లాక్కుంది. పైకి వెళ్ళడానికి దారి లేదని చూసి లిఫ్టుని ఇంకో అంతస్తు పెంచింది. నిప్పు అంటుకుంటే దిగిపోవడానికి మెట్లు వేసింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ విడివిడిగా బాత్రూములు కట్టింది. అన్నీ అయ్యాక కిటికీల్లోంచి వెలుతురు ఎలా పడుతుందో సరిచూసి, అలాగే చూస్తూ కూర్చుంది.

ఆ విధంగా ఎవరూ అడగని హాలుకి అందరూ తలో చెయ్యీ వేశారు.

పెద్ద డాక్టరమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. ఆవిడ మితభాషి. చేతులు కట్టుకుని ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంటే చత్వారం ఉన్న సంగతి వాళ్ళంతట వాళ్ళే ఒప్పేసుకుంటారట. మావయ్య సరిగ్గా టైముకి వచ్చి, బడి దుమ్ము దులుపుకుని, మీటింగు గదిలో వెనక కుర్చీలో కూర్చున్నాడు. మేనకోడలు డాక్టరమ్మ కళ్ళకి పెద్ద అద్దాల పెట్టె ఒకటి తగిలించింది. అది పెట్టుకుంటే ఇంకా కట్టని ఆస్పత్రిలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ ఏం చూస్తోందో గోడ మీది తెరలో అందరికీ కనిపిస్తుంది.

డాక్టరమ్మ వార్డులు చూసింది, ఆపరేషన్ థియేటర్ చూసింది. తల ఊపింది. తన గది తలుపు తెరిచింది. అక్కడ ఆగిపోయింది.

“నా గదిలో ఈ స్తంభాలేమిటి?”

బావమరిది గొంతు సవరించుకున్నాడు. “అవి పైన హాలు కోసమండీ.”

“పైన హాలేమిటి?”

బావమరిది కూతురి వైపు చూశాడు. కూతురు తండ్రి వైపు చూసింది. బీము మేడం ఇద్దరి వైపూ చూసింది.

“అదేనండీ, మీరు అడిగిన హాలు” అన్నాడు బావమరిది.

“నేనేం హాలూ అడగలేదే!”

“అడగలేదా?” అని బావమరిది కూతురి చెవి దగ్గరికి వంగాడు. “ఆవిడ అడక్కుండానే ఎందుకు కట్టావు?”

“నేను కట్టడమేంటి నాన్నా? నువ్వు కట్టావు కదా!”

“నేనా? నాకు ఆ కంప్యూటర్ ఆపడమే సరిగ్గా రాదు!”

“నన్ను చూడకండి” అంది బీము మేడం. “నేను వచ్చేసరికే అది గాల్లో వేలాడుతోంది. పడిపోకుండా పట్టుకున్నాను, అంతే.”

“సరే” అన్నాడు సరేగారు.

ఇంత గుసగుసల మధ్య డాక్టరమ్మ తనే లిఫ్టు ఎక్కేసింది. తెర మీద లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. వెనక కుర్చీలో ఉన్న మావయ్య చేతిలోంచి టోపీ కింద పడింది.

నిలువెత్తు కిటికీలు. వాలు అద్దాలు. రెండు వరసల బల్లలు. మూలన బేసిన్. ఉత్తుత్తి ఆస్పత్రిలో ఉండాల్సిన తన హాలు పదిమంది ముందు లైట్లతో, ఫ్యాన్లతో, లిఫ్టుతో, బాత్రూములతో సహా నిలబడి ఉంది. ఆయనకి ముందు సిగ్గేసింది. పెట్టె అడుగున దాచుకున్న వస్తువుని ఎవరో తీసి బల్ల మీద పెట్టినట్టయింది. ఆ వెంటనే భయమేసింది.

ఎందుకంటే బావమరిది అప్పటికే కూతురి వైపు తిరిగి, “ఇందుకే నేను మొత్తుకున్నది! అందరూ ఒకేదాని మీద గీయడమంటే ఇదే! ఎవరు ఏం కట్టారో ఎవరికీ తెలీదు! రేపటి నుంచి...” అంటున్నాడు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

“ఆ గది నాది” అన్నాడు మావయ్య లేచి నిలబడి.

అందరూ వెనక్కి తిరిగారు. డాక్టరమ్మ కూడా తిరిగింది గానీ, పెట్టె కళ్ళకే ఉండడంతో మీటింగు గది కిటికీ కర్టెన్ వైపు తిరిగింది.

“ఎవరు మాట్లాడుతున్నారు?” అంది.

“డ్రాఫ్ట్స్‌మన్‌నండీ. అమ్మాయి తప్పేం లేదు. నాకు నేర్చుకోమని వేరే నకలు ఇచ్చింది. నేనే పొరపాటున అసలుదాంట్లో గీసేశాను. అది నేను కుర్రతనంలో పని చేసిన డ్రాయింగ్ హాలు. ఇప్పుడు లేదు. చేతికొచ్చింది గీశాను.”

బావమరిది నోరు సగం తెరిచి తెర మీది బేసిన్‌ని చూస్తున్నాడు. కుర్రతనంలో అక్కయ్యని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, ఆ బేసిన్ దగ్గరే నిలబడి ఆవిడ పెన్నులు కడుక్కునేదాకా గొణుక్కునేవాడు.

“అదే అనుకున్నాను” అన్నాడు మెల్లగా. “ఎక్కడో చూసినట్టుందని అప్పుడే అనుకున్నాను బావా.”

“కిటికీలన్నీ ఒకే వైపు పెట్టారేం?” డాక్టరమ్మ కిటికీ కర్టెన్‌ని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నతో మావయ్య సిగ్గూ భయమూ రెండూ ఎగిరిపోయాయి. ఆ హాలు గురించి ఆయన్ని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో!

“అది ఉత్తరమండీ. ఎండ నేరుగా రాదు, వెలుతురు మాత్రమే వస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. గీసేటప్పుడు మన చేతి నీడ కాగితం మీద పడకూడదు కదా! ఆ స్టూలు మీద కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది.”

డాక్టరమ్మ రెండడుగులు వేసి, ఎదురుగా కనిపిస్తున్న స్టూలు మీద కూర్చుంది.

స్టూలు కంప్యూటర్లో ఉంది. డాక్టరమ్మ మీటింగు గదిలో ఉంది. ధభీమని చప్పుడైంది. తెర మీద హాలంతా ఒక్కసారి గిర్రున తిరిగి, అద్దాల కప్పు దగ్గర ఆగింది.

“బావా!” అని అరిచాడు బావమరిది.

“అయ్యో, అయ్యో!” అని బీము మేడం పరుగెత్తింది. మేనకోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. సరేగారు మాత్రం ఏమీ అనలేదు. ఆఫీసులో ఆయన ‘సరే’ అనని సందర్భం అదొక్కటే.

“ఎవరూ నన్ను ముట్టుకోకండి” అంది డాక్టరమ్మ నేల మీది నుంచి.

ఎక్కడి వాళ్ళు అక్కడ ఆగిపోయారు. ఆవిడ వెల్లకిలా పడి ఉంది. కళ్ళకి పెట్టె అలాగే ఉంది. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. దెబ్బ తగిలి మాట పడిపోయిందేమోనని బావమరిది జేబులోంచి ఫోను తీశాడు.

“ఇది ఎప్పటి వెలుతురు?” అంది చివరికి.

“మధ్యాహ్నానిదండీ” అంది మేనకోడలు, ఏడుపు ఆపుకుంటూ. “మిట్ట మధ్యాహ్నానిది పెట్టాను.”

“మిట్ట మధ్యాహ్నం నేరుగా పైకి చూస్తున్నాను. కళ్ళలో గుచ్చుకోవడం లేదు.”

ఆవిడ లేచి కూర్చుని పెట్టె తీసేసింది. జుట్టు చెదిరిపోయి ఉంది. దాన్ని సరిచేసుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

“ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పగానే మా దగ్గర మనుషులు ఏం చేస్తారో తెలుసా మీకు? ఏడుస్తారు. సంతోషమనుకునేరు. ట్యూబులైటు కళ్ళలో పడి. పోనీ అని చీకటి గదిలో కూర్చోబెడితే, ఏమీ కనబడట్లేదు మొర్రో అని బెంబేలెత్తిపోతారు. వరండాలోకి తీసుకెళ్తే ఎండ. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీక ఇన్నేళ్ళూ మెట్ల కింద కూర్చోబెడుతున్నాను.” ఆవిడ తెర వైపు చూసింది. “నాకు కావలసింది ఇదీ అని నాకే తెలీదు. మీకెలా చెప్పను?”

ఆవిడ పెట్టెని మేనకోడలి చేతికిచ్చింది.

“ఈ హాలు ఉంచండి. బల్లలు తీసేసి కుర్చీలు వేయండి. నా గదిలో స్తంభాలు తీసేయండి.”

“తీస్తే హాలు పడిపోతుందండీ” అంది బీము మేడం, ఆ ఒక్క విషయంలో ఎవరికీ భయపడని మనిషి.

“అయితే నా గది తీసేయండి” అంది డాక్టరమ్మ. లేవబోయి, నడుము పట్టుకుని, “ముందు ఒక కుర్చీ తెప్పించండి. నిజంది” అంది.

ఆవిడ వెళ్ళిపోయాక మేనకోడలు తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

“నాన్నా, మరి ఈ సిస్టమ్?”

“ఉండనీ” అన్నాడు బావమరిది. “కానీ ఏదైనా గది కనబడితే ఇకనుంచి ఒకళ్ళనొకళ్ళం అడుగుదాం. నోటితో.” కాస్త ఆగి, “నాలుగు రోజులు మాట్లాడుకోకపోతే హాలు కట్టేశాం. నెల మాట్లాడుకోకపోతే ఊరు కట్టేసేవాళ్ళం” అన్నాడు. కూతురు నవ్వింది. ఆ నవ్వు చూసి మావయ్య కాఫీకి వెళ్ళాడు.

ఇంటికి వెళ్ళి జరిగిందంతా అత్తయ్యకి చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ, డాక్టరమ్మ పడ్డప్పుడు “అయ్యో” అనీ, హాలు ఉంచేయమన్నప్పుడు “ఆహా” అనీ వింది. ఆయన ఫోన్లో ఆ హాలు బొమ్మ చూపించాడు. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి, ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. కిటికీలని చూసింది. బేసిన్‌ని చూసి నవ్వుకుంది. ఆ నవ్వు మావయ్యకి ఎంతో బాగుంది.

“నా బల్ల ఏదీ?” అంది.

“అదిగో. కిటికీ పక్కన. నీ బల్ల తిరిగి ఉండే కోణం కూడా మర్చిపోలేదు.”

అత్తయ్య ఫోను కింద పెట్టింది.

“నేనెప్పుడూ కిటికీ పక్కన కూర్చోలేదే! నాది ప్రింటు గది తలుపు పక్కన. రోజంతా ఆ ఘాటు పీల్చుకుంటూ చచ్చేదాన్ని. కిటికీ పక్కన కూర్చునేది ఆ పొడుగు జడావిడ.”

మావయ్య ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు. “అవునా? నాకు... వెలుతురు అటునుంచి వచ్చేది కదా, అందుకని...”

“కోణం కూడా మర్చిపోలేదన్నమాట” అంది అత్తయ్య, కత్తిపీట మళ్ళీ ముందుకి లాక్కుంటూ.

మర్నాడు పొద్దున్నే మావయ్య అందరికంటే ముందు ఆఫీసుకి పరుగెత్తి ఆ బల్లని జరపబోయాడు. ఆ గదిని తాకే అధికారం తమకి లేదని కంప్యూటర్ మర్యాదగా చెప్పింది. జాగ్రత్త కోసం మేనకోడలు రాత్రికి రాత్రే తాళం వేసేసింది. మావయ్య ఆ తాళం తీయమని అడగాలి, ఎందుకో చెప్పాలి. రెండుసార్లు మేనకోడలి కుర్చీ దాకా వెళ్ళి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాడు. ఇంట్లో అత్తయ్య బ్లేడు అన్న మాట వినబడినప్పుడల్లా ఆయన వైపు ఒక చూపు చూసి ఊరుకునేది. ఆ చూపు చాలా కాలం నడిచింది.

ఆస్పత్రి కట్టారు. పైన హాలూ కట్టారు. బల్లలు లేవు, చేతులున్న మెత్తటి కుర్చీలు రెండు వరసలుగా వేశారు. వెలుతురు మాత్రం అదే వెలుతురు. అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ కూర్చునేవాళ్ళకి తెలియదు. కట్టు విప్పించుకున్నవాళ్ళు అక్కడ కూర్చుని, ముందు తమ చేతులు చూసుకునేవారు, తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు. పనేమీ లేకపోయినా మావయ్య అప్పుడప్పుడు ఏదో కొలత సరిచూసే నెపంతో వెళ్ళి, వాళ్ళని చూసి వచ్చేవాడు.

కొన్నాళ్ళకి అత్తయ్యకి శుక్లాలు ముదిరాయి. డాక్టరమ్మే స్వయంగా ఆపరేషన్ చేసింది. కట్టు విప్పాక మావయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించి, ఎవరినో బతిమాలి ఖాళీ చేయించిన కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. తనూ ఎదుటి వరసలో కూర్చున్నాడు.

అత్తయ్య కళ్ళు మెల్లగా తెరిచింది. నిలువెత్తు కిటికీలు చూసింది. తల ఎత్తి వాలు కప్పులోంచి దిగుతున్న వెలుతురు చూసింది. అరచేతులు తిప్పి చూసుకుంది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళకి ఆవిడ ఆ కిటికీ పక్కన కూర్చుంది. ఇప్పుడు ఏమంటుందోనని మావయ్య ముందుకి వంగాడు.

అత్తయ్య ఆయన మొహం వైపు చూసింది. నుదుటి ముడతల నుంచి గడ్డం కింది మడతల దాకా తీరుబడిగా చూసింది.

“ఏవండీ, వెలుతురు కాస్త తగ్గించి ఉండాల్సింది” అంది.